పంతులుగారి జమాఖర్చులు

మన సంఘం ప్రత్యేక సంచికకు స్వాతంత్ర్యోద్యమ నాయకులలో ఒకరి జీవితం గురించి వ్రాయవలసిందని కార్యదర్శిగారు అడిగారు. ఎవరి గురించి వ్రాయాలా అని నేను ఆట్టే ఆలోచించలేదు. రెవిన్యూ శాఖలో ఎల్.డి.సి.గా చేరి సీనియర్ అసిస్టెంటుగా పదవీ విరమణ చేసిన నా సర్వీసులో అధిక భాగం ప్రకాశం జిల్లాలోనే గడిచింది. ఎవరి పేరున్న జిల్లాలో ఉప్పూ పులుసూ తిన్నానో ఆ మహనీయుని గురించే నాలుగు మాటలు వ్రాస్తాను.

టంగుటూరి ప్రకాశం పంతులుగారు అనగానే తుపాకీకి గుండె చూపిన ఆంధ్రకేసరి మనందరికీ గుర్తుకు వస్తారు. అది చిన్న పిల్లలు కూడా చెప్పే సంగతే. ఉద్యోగ జీవితమంతా డి.సి.బి. స్టేట్‌మెంట్లు, క్యాష్ బుక్కులు చూసిన వాణ్ణి గనుక నా దృష్టి ఎప్పుడూ మరో వైపుకు పోతుంది. ఈ మనిషి చేతికి ఎంత వచ్చింది, అది ఎటు పోయింది, చివరకు నిల్వ ఎంత మిగిలింది? పెన్షన్ మీద బ్రతికే మనకు ఈ ప్రశ్న కొత్తదేమీ కాదు.

ఆయన 1872 ఆగస్టు 23న వినోదరాయునిపాలెంలో జన్మించారు. అప్పట్లో ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలో ఉండేది. 1904లో గుంటూరు జిల్లాలో కలిసింది, 1970లో ఒంగోలే జిల్లా కేంద్రం అయింది. తండ్రి గోపాలకృష్ణయ్యగారు, తల్లి సుబ్బమ్మగారు. కరణీకపు కుటుంబం. ప్రకాశంగారికి పదకొండేళ్ళ వయసులో తండ్రి పోయారు. పిల్లలను వెంటబెట్టుకొని సుబ్బమ్మగారు ఒంగోలు చేరి పూటకూళ్ళ ఇల్లు నడిపారు. డబ్బు పుచ్చుకొని అన్నం పెట్టడాన్ని ఆ రోజుల్లో చాలా చిన్నతనంగా చూసేవారు. లోకం ఏమనుకున్నా సరే, పిల్లలకు చదువు చెప్పించాలని ఆమె పట్టుదల. ఒకసారి పరీక్ష ఫీజు మూడు రూపాయలు కట్టవలసి వచ్చింది. బంధువుల ఇంటికి కాలినడకన వెళ్ళి అడిగినా ఆ కుర్రవాడికి అవి పుట్టలేదు. చివరకు తల్లి తన పట్టుబట్ట తాకట్టు పెట్టి ఆ మూడు రూపాయలూ తెచ్చింది. పంతులుగారి ఖాతాలో నేను చూడగలిగిన మొదటి పద్దు ఇదే.

రెండవ పద్దు ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారిది. ఆయన ఒంగోలు మిషన్ స్కూలులో ఉపాధ్యాయులు. ఆకతాయి సావాసాలు, నాటకాల పిచ్చి, గోడ దూకుళ్ళు అన్నీ ఉన్న ఈ కుర్రవాడిలో ఆయన ఏమి చూశారో గానీ, తాను ప్లీడరీ కోసం రాజమండ్రికి మారినప్పుడు వెంటబెట్టుకొని పోయి తన ఇంట్లోనే ఉంచుకొని చదివించారు. కులం వేరు, కలిమి అంతంత మాత్రం. రాజమండ్రిలో కూడా ప్రకాశంగారు నాటకాలు మానలేదు. చిలకమర్తి లక్ష్మీనరసింహంగారి నాటక సమాజంలో వేషాలు వేసి పేరు తెచ్చుకున్నారు. అయినా చదువు చెడలేదు. తరువాత మద్రాసులో న్యాయశాస్త్రం చదివి సెకండ్ గ్రేడ్ ప్లీడరు అయ్యారు. అదంతా నాయుడుగారి చలవే. ఇప్పటి పిల్లలకు ఇటువంటి గురువుల కథ చెబితే కట్టుకథ అనుకుంటారు.

రాజమండ్రిలో ప్రాక్టీసు త్వరలోనే పుంజుకుంది. డబ్బు వచ్చింది, దానితో పాటు ఊళ్ళో ముఠాల మధ్య పోరూ వచ్చింది. ముప్పయ్యేళ్ళు దాటిన కొద్ది కాలానికే మునిసిపల్ ఛైర్మన్ అయ్యారు. అయితే సెకండ్ గ్రేడ్ ప్లీడరుకు పై కోర్టులలో వాదించే అర్హత లేదు. బారిస్టరు కావాలనే కోరికతో 1904లో ఇంగ్లండు బయలుదేరారు. సముద్రం దాటడమంటే వెలి అనే రోజులు. మాంసం, మద్యం, పొగాకు ముట్టనని తల్లికి మాట ఇచ్చి ఓడ ఎక్కారు. లండనులో ఉండగా దాదాభాయి నౌరోజీగారి పార్లమెంటు ఎన్నికల ప్రచారంలో పనిచేశారు. ఆ వృద్ధుడు 1906లో ఓడిపోయారు గానీ, అక్కడ పట్టిన రాజకీయం గాలి పంతులుగారిని మళ్ళీ విడువలేదు.

1907లో తిరిగి వచ్చి మద్రాసు హైకోర్టులో ప్రాక్టీసు పెట్టారు. తమిళ వకీళ్ళు, తెల్ల బారిస్టర్లు ఏలుతున్న ఆ కోర్టులో ఒక తెలుగు బారిస్టరు నిలదొక్కుకోవడం ఆషామాషీ కాదు. ఆయన నిలదొక్కుకోవడమే కాదు, అగ్రశ్రేణికి చేరుకున్నారు. లా టైమ్స్ పత్రిక నడిపారు. బిపిన్ చంద్రపాల్‌గారు మద్రాసు వచ్చి ఉపన్యసించినప్పుడు, అధ్యక్షత వహించడానికి పెద్దలు జంకితే పంతులుగారు వెళ్ళి కూర్చున్నారు. తిరునల్వేలి కలెక్టరు ఆష్ హత్య కేసులో ముద్దాయిల తరఫున వాదించిన వారిలో ఆయన ఒకరు. సర్కారు కోపాన్ని ఖాతరు చేయకపోయినా ఆర్జన తగ్గలేదు. పదునాలుగేళ్ళు దివ్యమైన ప్రాక్టీసు. చేతి మీదుగా లక్షలు నడిచాయి. అవి కాసు బంగారం కొన్ని రూపాయలకు దొరికే రోజులని మరచిపోకూడదు.

1921లో గాంధీగారి పిలుపు మీద కోర్టు వదిలేశారు. అప్పటికి ఆయన వయసు 49. ఆ వయసులో మనం ఏం చేస్తున్నాం? పదోన్నతి జాబితాలో మన పేరు ఎన్నోదో చూసుకుంటూ, అమ్మాయి పెళ్ళికి జి.పి.ఎఫ్.లో ఎంత తీయవచ్చో లెక్క వేసుకుంటూ ఉన్నాం. ఇందులో తప్పేమీ లేదు, సంసారి అంటే అదే. కాని పంతులుగారు సంసారి కాడా? భార్య హనుమాయమ్మగారు, పిల్లలు, ఆయనను నమ్ముకున్న బంధువర్గం అందరూ ఉన్నారు. చరిత్ర పుస్తకాలు హనుమాయమ్మగారి గురించి ఎక్కువ చెప్పవు. బారిస్టరుగారి ఇల్లు ఉన్నట్టుండి దేశసేవకుడి ఇల్లయినప్పుడు ఆ ఖర్చులో ఆమె వంతు ఎంతో ఎవరు లెక్క కట్టారు?

ప్రాక్టీసు మానితే ఆదాయం మాత్రమే ఆగుతుంది, ఆస్తి నిలుస్తుంది. ఆ ఆస్తిని కరిగించింది పత్రిక. 1921 అక్టోబరులో మద్రాసు నుంచి స్వరాజ్య అనే ఇంగ్లీషు దినపత్రిక మొదలుపెట్టారు. తరువాత తెలుగు, తమిళ ప్రచురణలు కూడా తెచ్చారు. జాతీయోద్యమ వార్తలు దక్షిణాదిన చదవాలంటే స్వరాజ్యే. ఖాసా సుబ్బారావుగారు, కోటంరాజు రామారావుగారు వంటి దిట్టమైన పాత్రికేయులు అందులో పనిచేసి పైకి వచ్చినవారే. సర్కారు ప్రకటనలు ఉండవు, సర్కారుకు భయపడే వ్యాపారులు ప్రకటనలు ఇవ్వరు. కాగితం కొనాలి, అచ్చు కూలి ఇవ్వాలి, జీతాలు ఇవ్వాలి. జీతం సమయానికి అందకపోయినా పంతులుగారి మీది అభిమానంతో పనిచేసిన వాళ్ళున్నారట. ఆయన తన ఆస్తి అమ్మి పోశారు, అప్పు తెచ్చి పోశారు, స్నేహితుల దగ్గర చేయి చాచి పోశారు. పదిహేనేళ్ళు ముట్టకుండానే అది మూతపడింది. అప్పటికి బారిస్టరు సంపాదనలో చెప్పుకోదగ్గదేమీ మిగలలేదు.

నాకు తోచేదేమంటే, పత్రిక నడపడానికి కావలసిన లెక్క తెలివి పంతులుగారికి లేదు. ధైర్యం ఉన్న చోట లెక్క ఉండడం అరుదు. ఆయన దగ్గర ఒక మంచి అకౌంటెంటు ఉండి ఉంటే స్వరాజ్య ఇంకా కొన్నేళ్ళు బ్రతికేదేమో.

సైమన్ కమిషన్ రోజు, అంటే 1928 ఫిబ్రవరి 3న, జరిగింది తెలిసిందే గనుక క్లుప్తంగా చెబుతాను. మద్రాసులో హర్తాళ్ జరిగింది. హైకోర్టు దగ్గర పోలీసులు కాల్పులు జరిపితే ఒక యువకుడు నేలకొరిగాడు. ఆ శవాన్ని చూడడానికి పంతులుగారు ముందుకు నడిచారు. అడుగు వేస్తే కాలుస్తామని తుపాకీ గురిపెట్టారు. ఆయన చొక్కా తీసి రొమ్ము చూపారు. చుట్టూ ఉన్న వాళ్ళు ఆయనెవరో చెప్పగా సిపాయిలు దారి ఇచ్చారు. ఆంధ్రకేసరి అన్న పేరు దానితో స్థిరపడింది. అప్పటికి ఆయనకు 55 నిండాయి, కేంద్ర శాసనసభలో సభ్యులు. కుర్రతనపు దుడుకు అనడానికి వీలులేని వయసు.

1930లో ఆ సభ్యత్వానికి కూడా రాజీనామా ఇచ్చి ఒంగోలు దగ్గర దేవరంపాడు శిబిరంలో ఉప్పు చట్టం ధిక్కరించారు. అప్పుడు ఆయనకు 58వ ఏడు నడుస్తోంది. మనం శాలువా కప్పించుకొని, దండ వేయించుకొని ఇంటికి వచ్చిన వయసులో ఆయన సముద్రపు నీళ్ళు కాచి జైలుకు పోయారు. అక్కడ నుంచి చూసుకుంటే ఆయన ప్రజా జీవితంలో పెద్ద ఘట్టాలు సగానికి సగం 58 దాటిన తరువాతివే.

ఇక మా శాఖకు సంబంధించిన ఘట్టం. 1937లో మద్రాసు రాష్ట్రంలో రాజాజీగారి కాంగ్రెసు మంత్రివర్గం ఏర్పడినప్పుడు ప్రకాశంగారు రెవిన్యూ మంత్రి అయ్యారు. జమీందారీ విచారణ సంఘానికి ఆయనే అధ్యక్షులు. 1908 నాటి ఎస్టేట్ల భూమి చట్టం ఉన్నా జమీందారీ గ్రామాల్లో రైతు మీద శిస్తు ఎంత పడేదో, నీటికి, పోరంబోకులో మేతకు ఎన్ని విధాల వసూళ్ళుండేవో పాతవారు చెప్పగా విన్నాను. సంఘం ఊళ్ళు తిరిగి సాక్ష్యాలు తీసుకొని 1938లో పెద్ద నివేదిక ఇచ్చింది. భూమికి హక్కుదారు రైతేననీ, జమీందారు శిస్తు వసూలు చేసి పెట్టేవాడు మాత్రమేననీ దాని సారాంశం. వంద సంవత్సరాలకు పైగా నడిచిన పద్ధతిని తలకిందులు చేసే మాట అది. 1939లో యుద్ధం రావడం, మంత్రివర్గం రాజీనామా చేయడంతో చట్టం కాలేదు. 1948లో వచ్చిన 26వ నంబరు ఎస్టేట్ల రద్దు చట్టానికి బీజం మాత్రం అక్కడ పడింది.

నేను 1971లో తాలూకాఫీసులో చేరేనాటికి ఆ చట్టం కింద సర్వే, సెటిల్‌మెంట్ జరిగిన గ్రామాల ఫెయిర్ అడంగళ్ళు బీరువాల్లో కట్టలు కట్టలుగా ఉండేవి. నకళ్ళ కోసం వచ్చే ముసలి రైతులు తమ పేరు ఎదురుగా పట్టాదారు అని ఉండడం వ్రేలు పెట్టి చూపమనేవారు. చదువు రాని వాళ్ళు కూడా ఆ గడి మీద వ్రేలు ఆనించి కొంతసేపు అలా ఉంచేవారు. పంతులుగారు ఎన్నిసార్లు జైలుకు వెళ్ళారన్న దానికంటే నాకు ఆ గడే పెద్దదిగా కనబడుతుంది.

వ్యక్తి సత్యాగ్రహంలో దక్షిణాదిన ముందు నిలిచిన వారిలో ఆయన ఒకరు. 1942లో క్విట్ ఇండియా వచ్చింది. మళ్ళీ పట్టుకొని మూడేళ్ళు జైల్లో ఉంచారు. 70 ఏట లోపలికి పోయి 73 ఏట బయటికి వచ్చారు. వచ్చేసరికి ఇల్లు లేదు, రాబడి లేదు, పాత అప్పుల వాళ్ళు మాత్రం ఉన్నారు.

ఇక్కడే కొందరు దాటవేసే విషయం ఒకటుంది. నేను దాటవేయదలచుకోలేదు. జైలు నుంచి వచ్చిన తరువాత పంతులుగారు జిల్లాలు తిరుగుతుంటే జనం పర్సులు ఇచ్చారు. ఆయన ఆ డబ్బు స్వంతానికి వాడుకున్నారు. ఇది గాంధీగారికి నచ్చలేదు. ప్రజలిచ్చిన ధనం ప్రజాకార్యానికే చెందాలన్నది గాంధీగారి నియమం. 1946లో మద్రాసు ముఖ్యమంత్రి ఎవరన్న ప్రశ్న వచ్చినప్పుడు గాంధీగారు రాజాజీగారి వైపు మొగ్గడానికి ఇది కూడా ఒక కారణం. పంతులుగారి వాదన వేరు. తన యావదాస్తి ప్రజలకు ధారపోసిన తరువాత, ఆ ప్రజలు తనకు ఇంత అన్నం పెడితే పుచ్చుకోవడంలో దోషం లేదని ఆయన భావం. పైగా ఆయన ఏదీ దాచలేదు. తీసుకున్నది పదిమంది ఎదుట తీసుకున్నారు.

దీనిమీద మా పెన్షనర్ల మధ్య కూడా ఒకసారి వాదం జరిగింది. నా అభిప్రాయం ఇది. ఆడిట్ దృష్టితో చూస్తే గాంధీగారిదే రైటు. పద్దు ఏ హెడ్డు కింద వచ్చిందో ఆ హెడ్డు కిందే ఖర్చు కావాలి. కాని గాంధీగారికి ఆశ్రమం ఉంది, ఆయనను పోషించడం భాగ్యమనుకునే ధనికులున్నారు. రాజాజీగారికి పొదుపు తెలుసు. పంతులుగారికి ఈ రెండూ లేవు. ఏభై ఏట కోర్టు మానిన మనిషికి ఏ ట్రెజరీ నుంచీ ఒకటో తారీఖున ఏమీ రాదు కదా. తెరచిన అరచేతిలో తీసుకున్న దాన్ని మూసిన పిడికిట్లో తీసుకున్న దానితో కలిపి లెక్క వ్రాయడానికి నా కలం ఒప్పుకోదు.

శాసనసభ్యులు చివరకు పంతులుగారినే ఎన్నుకున్నారు. 1946 ఏప్రిల్‌లో మద్రాసు రాష్ట్ర ముఖ్యమంత్రి అయ్యారు. ఫిర్కా అభివృద్ధి పథకం పెట్టారు. ఖద్దరు మీది పట్టుదలతో కొత్త బట్టల మిల్లులు వద్దన్నారు. ఈ రెండవది ఆర్థికంగా నిలిచే మాట కాదని అప్పుడే చాలామంది అన్నారు, నాకూ అలాగే తోస్తుంది. ఒకరి సలహా వినే స్వభావం ఆయనకు మొదటి నుంచీ తక్కువే. స్వంత పార్టీ వారే ఎదురు తిరగడంతో 1947 మార్చిలో, పదకొండు నెలలకే, దిగిపోవలసి వచ్చింది. ఆగస్టు 15 వచ్చేసరికి, దాని కోసం సర్వం పోగొట్టుకున్న మనిషి ఏ పదవిలోనూ లేరు.

1948లో, నిజాం రాజ్యం ఇంకా నిలిచి ఉండగానే, హైదరాబాదు వెళ్ళారు. ప్రాణాపాయమని నెహ్రూగారు వారించినా వినలేదు. రజాకార్ల నాయకుడు కాసిం రజ్వీని కలిసి, ఈ దూకుడు మంచిది కాదని ముఖం మీదే చెప్పి వచ్చారు. వయసు 75 దాటింది. తరువాత కాంగ్రెసు నుంచి బయటకు వచ్చి ప్రజా పార్టీ పెట్టడం, అది కృపలానీగారి కిసాన్ మజ్దూర్ ప్రజా పార్టీలో కలవడం, 1952 ఎన్నికల అనంతర గందరగోళం ఇవన్నీ వివరంగా వ్రాస్తే సంచిక అంతా నాకే కావాలి.

పొట్టి శ్రీరాములుగారి ఆత్మార్పణ తరువాత 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. కాంగ్రెసు మద్దతుతో ప్రకాశంగారు మొదటి ముఖ్యమంత్రి అయ్యారు. వయసు 81. రాజధాని ఎక్కడ అన్న పేచీలో, 1937 నాటి శ్రీబాగ్ ఒప్పందాన్ని గౌరవించి కర్నూలు వైపు నిలిచారు. కోస్తా వాళ్ళు, అంటే స్వంత ప్రాంతం వాళ్ళే, ఆయనను తిట్టిపోశారు. హైకోర్టు 1954లో గుంటూరుకు వచ్చింది.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మా ఆఫీసుకు బదిలీ మీద వచ్చిన ఒక సూపరింటెండెంటుగారు ఆ రోజుల్లో మద్రాసు నుంచి కర్నూలు వెళ్ళిన గుమాస్తాలలో ఒకరు. సచివాలయం గుడారాల్లో. ఎండకు గుడారం లోపల కూర్చోలేరు, గాలి లేస్తే ఫైళ్ళు ఎగిరిపోయేవి. ప్రతి గుమాస్తా బల్ల మీద సిరాబుడ్డితో పాటు నాలుగు గులకరాళ్ళు ఉండేవట. మద్రాసులో కుళాయి నీళ్ళకు, ట్రాములకు అలవాటు పడిన సంసారాలు అక్కడ ఒక్క గదిలో సర్దుకున్నాయి. అయినా సణుగుడు అంతగా లేదని ఆయన చెప్పేవారు. ముఖ్యమంత్రే ఎనభై దాటిన ముసలాయన, మనమేం సణుగుతాం అనుకునేవారట. ఆంధ్ర రాష్ట్రపు మొదటి ఫైళ్ళు, మొదటి జీ.వో.లు ఆ గులకరాళ్ళ కిందే తయారయ్యాయి.

ఆ కొద్ది కాలంలోనే 1954లో తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఏర్పడింది. 1952లో విజయవాడ దగ్గర కృష్ణ ఆనకట్టకు గండి పడి డెల్టా రైతు గుండె జారింది. ఆ పాత ఆనకట్ట స్థానంలో బ్యారేజి పని 1954లో మొదలైంది కూడా ఆయన హయాంలోనే. ఆ ఏడాది నవంబరులో మద్యనిషేధం విషయమై అవిశ్వాస తీర్మానం వచ్చింది. ఒక్క ఓటు తేడాతో ప్రభుత్వం పడిపోయింది. పదమూడు నెలల ముఖ్యమంత్రిత్వం. ఒక్క ఓటు సంపాదించుకోవడానికి ఆ రోజుల్లో కూడా మార్గాలు లేకపోలేదు. ఆయన ఆ పని చేయలేదు.

ఆ పైన దాదాపు రాజకీయాలకు దూరంగానే ఉన్నారు. ఊరికే కూర్చోవడం మాత్రం ఆయనకు చేతకాదు. 1957 వేసవిలో ఒంగోలు ప్రాంతంలో తిరుగుతుండగా వడదెబ్బ తగిలింది. మా వైపు రోహిణి ముందు ఎండలు ఎలా ఉంటాయో తెలిసిన వాళ్ళకు 84 ఏళ్ళ మనిషి ఆ ఎండలో తిరగడమంటే ఏమిటో తెలుస్తుంది. హైదరాబాదులో ఆసుపత్రిలో చేర్చారు. మే 20న కన్నుమూశారు. మద్రాసు హైకోర్టులో ఒక తరాన్ని ఆశ్చర్యపరచిన బారిస్టరు వెనుక ఆస్తి అనదగినదేమీ లేదు. బ్యారేజి ఆ ఏడాది డిసెంబరులో పూర్తయింది, దానికి ఆయన పేరే పెట్టారు. నా జీవిత యాత్ర అని ఆయన వ్రాసుకున్న స్వీయచరిత్రలో చివరి భాగాన్ని తెన్నేటి విశ్వనాథంగారు వ్రాసి పూర్తిచేశారు. చదవని వారు, ముఖ్యంగా మనుమలూ మనుమరాళ్ళూ ఉన్నవారు, సంపాదించి చదివించండి. తన కుర్రతనపు అల్లరి కూడా దాచకుండా వ్రాసుకున్న మనిషి గనుక పిల్లలకు విసుగు పుట్టదు.

1972లో ఒంగోలు జిల్లాకు ప్రకాశం జిల్లా అని పేరు మార్చారు. నేను చేరి ఏడాది. జిల్లా ఏర్పడి అప్పటికి రెండేళ్ళే గనుక ఒంగోలు జిల్లా అని అచ్చయిన ఫారాలు, కవర్లు గుట్టలుగా ఉన్నాయి. కొత్తవి అచ్చయి వచ్చేదాకా పాతవే వాడవలసిందని ఆఫీసులో చెప్పారు. మా సెక్షనులో చిన్నవాణ్ణి నేనే గనుక ఆ పని నాకు వచ్చింది. సాయంత్రాలు కూర్చొని ఒక్కొక్క కాగితం మీద ఒంగోలు అన్న మాట ఎర్రసిరాతో కొట్టివేసి, పైన ప్రకాశం అని చేత్తో వ్రాసేవాణ్ణి.